కిరాణా కొట్లో మైనం

మొన్న నడుం నొప్పికి ఎమ్మారై తీశారు నాకు. ఆ డబడబల చప్పుడుకి బెదిరి ఇంటికొచ్చి, దాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను.

అమెరికాలో హార్వర్డు, ఎమ్.ఐ.టి. ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలు. యుద్ధకాలమంతా ఎమ్.ఐ.టి.లో రాడార్ పనిచేసిన పర్సెల్, టోరీ, పౌండ్‌లకు రేడియో తరంగాలు కొట్టిన పిండి. పెద్ద అయస్కాంతం మాత్రం హార్వర్డు షెడ్డులో ఉంది, పాతది. అరువులు మనకేనా ఏమిటి! దారిలో కిరాణా కొట్లో పర్సెల్ రెండు పౌన్ల మైనం కొన్నాడు, కొవ్వొత్తులు చేసేదే. అయస్కాంతం మధ్య పెడితే అందులోని హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగాన్ని మింగుతాయా అని చూడాలి.

మొదటిసారి ఏమీ కనబడలేదు. 1945 డిసెంబరు 15న మళ్లీ కూర్చున్నారు. ఇక లాభం లేదనుకుని, ఆఖరి ప్రయత్నంగా కరెంటు పైదాకా పెంచి మెల్లగా తగ్గిస్తుంటే సూది కదిలింది! స్టాన్‌ఫర్డులో విడిగా ఇదే పట్టుకున్న బ్లాక్‌తో కలిపి 1952లో పర్సెల్‌కి నోబెల్ ఇచ్చారు.

నా నడుం బొమ్మ గీసిందీ ఒంట్లోని హైడ్రోజనేనట. నొప్పి అలాగే ఉందనుకోండి.