యానాం బోర్డర్ ఎటు పోయింది? పెట్రోల్ బంకులో ఉంది!

మా మండపేట నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా యానాం వెళ్తుంటే పాస్‌పోర్ట్ ఎవరూ అడగరు. కానీ 1954 దాకా అక్కడ ఫ్రెంచ్ జెండా ఎగిరింది. అంటే మన డెల్టాలో, కొబ్బరి తోటల పక్కనే ఒక విదేశీ సరిహద్దు ఉండేదన్నమాట.

కథ 1723లో మొదలైంది. ఫ్రెంచ్ వాళ్లు వ్యాపారం కోసం యానాంలో దిగారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ తర్వాత బ్రిటిష్ వాళ్ల చేతికెళ్లాయి. ఒకటే గోదావరి, ఒకటే తెలుగు. చట్టాలు మాత్రం రెండు, సుంకాలు రెండు. యానాం మంగళవారం సంతకి బ్రిటిష్ వైపు నుంచి జనం విదేశీ సరుకు కొనడానికి వచ్చేవారు.

కోడ్ రాసిన బుర్రకి నాకు అర్థమైందేంటంటే, పక్కపక్కనే రెండు రూల్స్ పెడితే జనం తమకి కలిసొచ్చే వైపే వెళ్తారు. సరుకే కాదు, పెళ్లిళ్లూ అంతే. 1929 నాటి శారదా చట్టం ప్రకారం ఆడపిల్లకి 14 ఏళ్లు నిండాలి. ఫ్రెంచ్ గడ్డ మీద ఆ చట్టం చెల్లదు. అందుకని చిన్నపిల్లల్ని యానాం తీసుకొచ్చి పెళ్లిళ్లు చేసేశారు. చవక సరుకు లాభం కొన్నవాళ్లది. ఈ పెళ్లిళ్ల భారం మాత్రం ఆ పిల్లలదే.

1941లో రెండు వైపులా కలిపి ఒక కస్టమ్స్ ఒప్పందం చేసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో భారత ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. మళ్లీ సుంకాల గోడ లేచింది. చుట్టూ భారతదేశమే ఉన్న ఊరికి అదెంత ఇబ్బందో ఆలోచించండి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు యానాంని స్వాధీనం చేసుకున్నారు. చట్టప్రకారం విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది.

మరి బోర్డర్ పోయినట్టేనా? పూర్తిగా కాదండి. యానాం ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. 2017లో జీఎస్టీ వచ్చాక సబ్బుకైనా, ఫోన్‌కైనా రెండు వైపులా ఒకటే పన్ను. పెట్రోల్, మద్యం మాత్రం జీఎస్టీ బయటే ఉండిపోయాయి. వాటి మీద ఆంధ్ర పన్ను వేరు, పుదుచ్చేరి పన్ను వేరు. అందుకే ట్యాంకు నింపుకోడానికి అటు వెళ్లే బళ్లు, సీసాల కోసం ఇటు ఎక్సైజ్ తనిఖీలు.

ఈసారి యానాం బంకులో లైన్లో నిలబడితే గుర్తుచేసుకోండి: ఫ్రెంచ్ వాళ్లు వెళ్లిపోయారు గానీ, పన్నులో తేడా ఉన్నంతకాలం సరిహద్దు అక్కడే ఉంటుంది.