ఈగను ఆపిన ఈగ

మామిడి సీజన్‌లో జగిత్యాల పక్కనున్న చల్‌గల్ మార్కెట్‌కు పోతే లారీలెక్కే కాయతో పాటు దెబ్బతిని, మెత్తబడి పక్కన పడే కాయా కంటపడుతుంది. అలాంటి కుళ్లు తిని కోళ్లకు, చేపలకు మేతయ్యే పురుగొకటుంది. అది బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్ల.

ఈ ఈగను 1758లో లిన్నేయస్ శాస్త్రలోకానికి ఎక్కించాడు. పుట్టిల్లు అమెరికా ఖండాలు. మనిషి రాకపోకలతో వేడి దేశాలన్నిటికీ పాకింది. దాని సత్తా బయటపడింది మాత్రం కోళ్ల పెంటలో. ఈ పురుగులు కిక్కిరిసిన పెంటలో ఇంటీగలు పెరగడం లేదని అమెరికా పరిశోధకులు 1959లో రాశారు. అసలు మలుపు అదేనని నా నమ్మకం. అక్కడినుంచి, పెంట తిని బలిసిన పురుగును ఏం చేయాలన్న ప్రశ్న పుట్టింది. 1973లో కోళ్లకు, 1977లో పందులకు, 1981లో చేపలకు పెట్టి చూసిన ఫలితాలు అచ్చయ్యాయి. ఎండబెట్టిన పురుగులో దాదాపు 40 శాతం మాంసకృత్తులుంటాయి మరి.

చిక్కంతా పెంపకంలోనే వచ్చింది. ఎండ వెలుతురు లేనిదే ఈ ఈగలు సరిగా జతకట్టవు. జార్జియాలో క్రెయిగ్ షెపర్డ్ బృందం గ్రీన్‌హౌస్‌లో వాటిని తరతరాలుగా పెంచే పద్ధతిని 2002లో ప్రకటించాకే దారి తెరుచుకుంది. పెద్ద ఈగ పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే చాలావరకు బతుకుతుంది, మన అన్నం మీద వాలదు. గుడ్లు కుళ్లులో కాక, దాని పక్కనే పొడిగా ఉండే సందుల్లో పెడుతుంది. అందుకే పెంచేవాళ్లు అట్టముక్కలు వేలాడదీస్తారు. బలిసిన పురుగు నల్లబడి, పొడిచోటు వెతుక్కుంటూ తనంతట తానే పైకి పాకుతుంది. వాలుగా పలక పెడితే చాలు, బకెట్‌లో పడుతుంది. 2017లో యూరోపియన్ యూనియన్ దీన్ని చేపల మేతగా, 2021లో కోళ్లకు, పందులకు కూడా ఒప్పుకుంది.

2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంతో కోరుట్ల, సిరిసిల్ల వైపు ఊళ్లలోనూ కంపోస్టు షెడ్లు లేచాయి. వాటిల్లో ఈ పురుగుకు చోటివ్వొచ్చు, తడిచెత్తను ప్లాస్టిక్ కలవకుండా వేరుచేస్తేనే. మన ఎండాకాలం దానికి గండమే, నీడ తప్పదు. ఉత్త మామిడి గుజ్జులో నీరెక్కువ, మాంసకృత్తులు తక్కువ. తవుడో కోళ్ల పెంటో కలపాలి. ఎంత కలిపితే ఎంత పురుగు దిగుతుందో పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం చల్‌గల్ కాయతోనే లెక్క తేల్చి, నాటుకోళ్లు పెంచే ఆడవాళ్లకు చెప్పాలని నా కోరిక.