పులి తిరిగొచ్చింది, మరి గూడేన్ని అడిగారా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

బళ్ళో అందరం "నాన్నా పులి" కథ చదువుకున్నాం. అసలు ఆ కథ గ్రీకుల నుంచి వచ్చింది, అందులో ఉన్నది తోడేలు. తెలుగులోకి వచ్చేసరికి పులి అయింది. ఇప్పుడు యూరప్ దేశాల్లో తోడేళ్లు తిరిగొచ్చాయి, వాటిని ఉంచాలా, చంపాలా అని అక్కడ పెద్ద చర్చ. మన దగ్గర తిరిగొస్తున్నది పులి. మేం వేటపాలెం హాస్టల్లో యానాది, ఎరుకల, సుగాలి, చెంచు పిల్లలం కలిసే ఉంటాం. పులి మాట వస్తే చాలు మాలో మాకే వాదన మొదలవుతుంది. అందుకే దీని వెనక చరిత్ర ఏంటో చూద్దామనుకున్నాం.

ముందు పులులు ఎట్లా పోయాయో తెలియాలి. అడవిబిడ్డలే వేటాడి తినేశారని చాలామంది అనుకుంటారు. కానీ తెల్లదొరల కాలంలో పులినీ తోడేలునీ చంపినవాళ్లకు సర్కారే డబ్బులిచ్చేది. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 దాకా 50 ఏళ్లలో ఈ దేశంలో 80 వేలకు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు, 2 లక్షల తోడేళ్లు అట్లా చచ్చాయి. ఇవి బహుమతి రికార్డుల్లోకి ఎక్కినవి మాత్రమే. రాజులు, దొరలు సరదాకి వేటాడినవి వేరే.

అదే సర్కారు అదే రోజుల్లో మనుషుల మీద కూడా ఇట్లాంటి ముద్రే వేసింది. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. మా వేటపాలెం నుంచి చీరాల దాటి బాపట్ల వైపు పోతే స్టూవర్టుపురం వస్తుంది. ఎరుకలవాళ్లను తెచ్చి అక్కడ పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఊరు దాటాలంటే అనుమతి, హాజరు పట్టీలో వేలిముద్ర. 1952లో ఆ చట్టం పోయింది గానీ ముద్ర ఇంకా పూర్తిగా పోలేదని మనకి తెలుసు. అడవిలో తిరిగే జంతువూ, అడవి పట్టుకుని బతికే మనిషీ ఇద్దరూ ఆ పాలకుల కళ్లకి అదుపు చెయ్యాల్సిన వస్తువులే.

తర్వాత కాలం మారింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యాన్ని ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. అప్పట్లో అది మూడున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైన, దేశంలోనే పెద్దది. పులికి ఇది మంచిదే. కానీ ఆ నల్లమలలో చెంచులు ఎప్పటినుంచో ఉన్నారు. తేనె తీసుకుంటూ, గడ్డలు తవ్వుకుంటూ, పులి తిరిగే దారి పక్కనే బతికారు. పులులు వేలకొద్దీ చచ్చిన రోజుల్లో లాభపడింది వాళ్లు కాదు. కాపాడే రోజులొచ్చాక మాత్రం అడ్డం ఉన్నారనే మాట వాళ్లకే తగిలింది.

ఇప్పటి లెక్కలు చూడండి. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులు, 2022 నాటికి 63. అదే కాలంలో తెలంగాణలో 26 నుంచి 21కి తగ్గాయి. నల్లమలలో పులులు పెరిగాయి కాబట్టి అవి అంచులకు వస్తున్నాయి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులికూనలు కనబడ్డాయి. ఊరి జనం కుక్కలు పట్టకుండా వాటిని కాపాడి అటవీ శాఖకి చెప్పారు. తల్లి కోసం వెతికినా కలపలేకపోయారు, కూనల్ని తిరుపతి జూకి తీసుకెళ్లారు. పులంటే పల్లె జనం పగబడతారని అనేవాళ్లు ఆ ఊరిని కూడా గుర్తుపెట్టుకోవాలి.

అట్లా అని అంతా బాగుందని మేం అనం. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ వైపు మహారాష్ట్ర తడోబా నుంచి పులులు వస్తున్నాయి. 2024 జనవరిలో అక్కడి అడవిలో రెండు పులులు చచ్చిపడి ఉన్నాయి, విషం పెట్టారని కేసయింది. అదే ఏడాది నవంబరులో చేలో పత్తి పనికి పోయిన ఒక యువతిని పులి చంపేసింది. పత్తి ఏరడమంటే ఏంటో గుంటూరు, ప్రకాశం వైపు పిల్లలకి చెప్పక్కర్లేదు. మన అమ్మలు, అక్కలు నడుం వంచి చేసే పనే అది. వంగిన మనిషికి వెనక ఏముందో కనబడదు.

2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం 49 నంబరు జీవో ఇచ్చింది. కవ్వాల్‌కీ తడోబాకీ మధ్య పులులు నడిచే దారిని కొమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. భీం పోరాడింది జల్ జంగల్ జమీన్ కోసం. ఆయన పేరు పెట్టిన రిజర్వు గురించి మాతో మాట్లాడలేదని ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి, బందులు చేశాయి. జులైలో ప్రభుత్వం ఆ జీవోని పక్కన పెట్టింది. రద్దు చెయ్యలేదు, నిలిపేసింది. ఈ తేడా గమనించాలి.

అడవి మీద ప్రేమ ఉన్నవాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు. దారి తెగిపోతే పులి ఒకే చోట చిక్కుకుని ఆ జాతి బలహీనపడుతుంది. మా హాస్టల్లో చెంచు తమ్ముళ్లు కూడా అదే అంటారు. నల్లమలలో బేస్ క్యాంపుల్లో కాపలా కాసే చెంచులు ఎంతోమంది. అడుగుజాడ చూసి పులి ఎటు పోయిందో చెప్పడం వాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య, ఇప్పుడు అదే జీతం. "పులి లేకపోతే ఆ అడవి ఎప్పుడో గనులకి పోయేది" అని ఒకడంటాడు. "పులి మా ఆవుని తింటే పంచనామాకి మా నాన్న ఎన్నిసార్లు తిరగాలి" అని సుగాలి తండా నుంచి వచ్చినవాడు అడుగుతాడు. రెండూ నిజమే. ఆ రెండు మాటలూ జీవో రాసే చోటికి చేరడంలేదు, మా బాధంతా అదే.

చట్టంలో అయితే దారి ఉంది. వన్యప్రాణి చట్టం 36ఏ సెక్షన్‌లోనే, కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించే ముందు స్థానిక ప్రజలతో సంప్రదించాలని ఉంది. పులుల రిజర్వు నుంచి ఊరిని తరలించాలంటే గ్రామసభ ఒప్పుకోవాలని 2006 సవరణ చెప్పింది. అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం చెంచుల్లాంటి ఆదిమ తెగలకి ఆవాస హక్కు కూడా ఇచ్చింది. యూరప్‌లో గొర్రెల కాపరులు, రైతులు సంఘాలుగా గట్టిగా అడిగారు. 2024 డిసెంబరులో బెర్న్ ఒప్పందంలో తోడేలు రక్షణని ఒక మెట్టు దించారు. అది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. కాపరుల మాట మాత్రం పై దాకా పోయింది. మన గూడెం మాట ఎంతవరకు పోతోంది?

ఈ గ్రూపులో ఉన్నవాళ్లం ఎక్కువమందిమి మన ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ మెట్టు ఎక్కినవాళ్లం. జీవో చదవగలిగేది మనమే. పండక్కి ఇంటికెళ్లినప్పుడు మూడు పనులు చేద్దాం. మన ఊరికి అటవీ హక్కుల కమిటీ ఉందో లేదో కనుక్కుందాం. సామూహిక హక్కుల అర్జీ ఎక్కడ ఆగిందో అడుగుదాం. గ్రామసభ తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో, ఎవరు సంతకం పెట్టారో ఒకసారి చూద్దాం. తర్వాతి జీవో వచ్చాక బందు చెయ్యడం కంటే, రాకముందే తీర్మానం చేతిలో ఉండటం మేలు.

మీ ఊళ్లో పులి, చిరుత, తోడేలు ఏది తిరిగొచ్చినా కింద రాయండి. నష్టపరిహారం అందిందా, ఎన్నాళ్లకి అందింది అన్నదీ రాయండి. అన్నీ కలిపి ఒక పట్టీ చేసి ఇక్కడే పెడతాం.

జై ఆదివాసీ.