రోబోత, వెట్టి, జీతం

రోబో అంటే యంత్రమని ఇవాళ బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ మాట పుట్టింది కార్ఖానాలో కాదు, దొర పొలంలో. చెక్ రచయిత కారెల్ చాపెక్ తన 'ఆర్.యు.ఆర్.' (1920) నాటకంలో మనుషులే తయారుచేసిన కూలీలకు పేరు వెతుకుతుంటే, అన్న యోసెఫ్ ఈ మాట అందించాడు. చెక్ భాషలో 'రోబోత' అంటే రైతు దొర భూమిలో కూలి లేకుండా చెయ్యాల్సిన చాకిరీ. ఇబ్రహీంపట్నం పల్లెల్లో ఎవరినడిగినా దాని పేరు చెప్తారు: వెట్టి.

రష్యన్‌లో 'రబోత' అంటే మామూలు పనే; 'రాబ్' అంటే మాత్రం బానిస. జర్మన్ 'అర్బైట్' కూడా ఈ కుదురుదే. ఇవాళ దానికి పని అని అర్థం, మధ్యయుగాల్లో కష్టం, యాతన. అనాథ అనే అర్థమున్న గ్రీకు 'ఓర్ఫనోస్'నూ భాషావేత్తలు ఇదే ధాతువుకు ముడిపెడతారు. దిక్కులేనివాడు, బానిస, చాకిరీ, పని. మాట నాగరికమయ్యే కొద్దీ దానికింద ఎవరి వీపు ఉన్నదో కనపడకుండా పోయింది.

మన 'జీతం' సంగతీ అంతే. సంస్కృత 'జీవితం' నుంచి వచ్చిన మాట. ఉద్యోగికి నెల తిరగ్గానే వచ్చేదీ జీతమే, అప్పుకింద పటేలు ఇంట్లో ఏడాదంతా పడి ఉండడమూ జీతమే. తేడా అంతా క్రియలో ఉన్నది: ఒకరు జీతం తీసుకుంటారు, ఇంకొకడు జీతం ఉంటాడు. ఈ రెండోవాడు ఎక్కువగా మాదిగో మాలో అయివుంటాడని వేరే చెప్పక్కర్లేదు. 'జీతమిస్తున్నం గదా, వెట్టి ఎక్కడిది?' అని దొర అడగడానికి భాషే సందిచ్చింది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ సందు మూసింది. నామమాత్రపు కూలీకి అప్పుకింద చేసే చాకిరీ కూడా వెట్టే అన్నది. చట్టం పేర్కొన్న పద్ధతుల జాబితాలో 'జీత', 'పాలేరు', 'భాగేలా', 'వెట్టి' నాలుగూ ఉన్నాయి. కనీసవేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్నా బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కూలీల కేసులో చెప్పింది.

ఆస్ట్రియా సామ్రాజ్యంలో 1848లో రోబోత రద్దయింది. దొరలకు పరిహారం ముట్టింది, అందులో ఒక వాటా రైతులే కట్టారు. మన చట్టం ఈ విషయంలో మెరుగు: అప్పు కొట్టేసింది, దొరకు పైసా ఇవ్వక్కర్లేదు. ఐతే అక్కడి రైతుకు సాగుచేసే చెక్కన్నా చేతిలో మిగిలింది. ఇక్కడ విడుదలైన జీతగాడికి నిలబడే జాగా లేదు. 1980లలో ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం జీతగాళ్ళ విడుదలతో ఆగకుండా భూమి కోసం కొట్లాడింది అందుకే. ఆ పోరాటంలో ఉన్న గీతా రామస్వామి 2022లో అచ్చయిన తన ఆత్మకథలో ఆ వివరాలు రాశారు.