బిళ్ల గన్నేరు: పాతిక ఆకుల కథ

మా ప్రహరీగోడ మొదట్లో, సిమెంటు పగిలిన చోట, ఒక బిళ్ల గన్నేరు మొలిచింది. ఎవరూ నాటలేదు, చెంబెడు నీళ్లు పోసినవాళ్లూ లేరు. వీధంతా మేసే మేకలు దీని దగ్గరకొచ్చి మూతి తిప్పుకుని పోతాయి. చిన్నప్పుడు ఒకసారి ఆకు నమిలి ఉమ్మేశాను కనుక వాటిని తప్పుపట్టను. ఆ చేదు గంటసేపు వదల్లేదు.

పువ్వు బిళ్లలా చదునుగా విచ్చుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చి ఉంటుందని నా ఊహ. ఇంటిపేరు మాత్రం సరైనదే. గన్నేరుపప్పు సంగతి తెలియని తెలుగువాడుండడు. ఇదీ ఆ కుటుంబానిదే. సర్పగంధ కూడా వీటికి చుట్టమే. విషమో మందో, ఏదో ఒకటి దాచుకోకుండా ఊరుకునే వంశం కాదు.

దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. 18వ శతాబ్దంలో యూరప్ తోటలకు చేరింది. 1759లో లిన్నేయస్ దీనికి వింకా రోజియా అని పేరు పెట్టాడు. ఇప్పటి శాస్త్రీయ నామం కాథరాంథస్ రోజియస్. అందానికని ఓడలెక్కిన మొక్క ఏ వేడి దేశంలో దిగితే అక్కడ పెరడు దాటి రోడ్డున పడింది. తమిళులు నిత్యకల్యాణి అంటారు, హిందీవాళ్లు సదాబహార్ అంటారు. ఏ కాలంలోనైనా పూస్తుంది మరి. ఎన్నో దేశాల్లో నాటువైద్యులు దీని ఆకుల కషాయాన్ని చక్కెర వ్యాధికి ఇచ్చేవారు.

అసలు కథ 1952లో ఒక కవరుతో మొదలైంది. కెనడా వైద్యుడు క్లార్క్ నోబుల్‌కు జమైకా నుంచి ఒక రోగి పాతిక ఆకులు పంపించాడు. ఇన్సులిన్ దొరకనప్పుడు అక్కడివాళ్లు వీటిని కాచి తాగుతారని కబురు. ఈ క్లార్క్ ఎవరో కాదు, 1921లో టొరంటోలో ఇన్సులిన్ పరిశోధన మొదలెట్టిన బాంటింగ్‌కు సహాయకుడిగా చేరాల్సిన ఇద్దరు విద్యార్థుల్లో ఒకడు. ముందు ఎవరు చేరాలో తేల్చుకోవడానికి నాణెం ఎగరేశారని, చార్లెస్ బెస్ట్ గెలిచాడని చెబుతారు. ఇన్సులిన్‌తో పాటు బెస్ట్ పేరు పుస్తకాల్లోకెక్కింది. ఒక బిళ్ల అలా చేజారిన మనిషికి ముప్పై ఏళ్ల తర్వాత ఇంకో బిళ్ల చేతికొచ్చిందన్నమాట! ఆయన ఆ ఆకులను వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్‌కు ఇచ్చాడు.

రాబర్ట్ నోబుల్ ఆకుల రసాన్ని ఎలుకలకు తాగించాడు. చక్కెర దిగలేదు. సూదితో ఎక్కిస్తే వారం తిరిగేసరికి ఎలుకలు చచ్చిపోయాయి. ఇంకొకరైతే ఆకులు చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కునేవారే. ఆయన చచ్చిన ఎలుకలను కోసి చూశాడు. లోపలంతా చీముగడ్డలు. రోగక్రిములను అడ్డుకునే తెల్లకణాలు రక్తంలో పడిపోయాయి, వాటిని పుట్టించే ఎముక మజ్జ చతికిలబడింది. తెల్లకణాలను ఇంతగా తగ్గించేది, అవి అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్‌లో పనికిరాదా? నా లెక్కలో ఈ కథకు ప్రాణం ఈ ప్రశ్నే.

చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చి ఆకుల్లోంచి ఆ పదార్థాన్ని విడదీశాడు. అదే విన్‌బ్లాస్టిన్. 1958లో ఫలితాలు బయటపెట్టారు. అదే సమయంలో అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వొబోడా బృందం కూడా చక్కెర వ్యాధి మాట విని ఈ మొక్కనే పట్టుకుంది. దాని రసంతో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న ఎలుకల ఆయుష్షు పెరగడం గమనించింది. వాళ్ల దగ్గర తేలిన రెండో మందు విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఈ రెండు మందులూ కవలల్లాంటివి. ఒక నైట్రోజన్ పరమాణువు దగ్గర విన్‌బ్లాస్టిన్‌కు మిథైల్ గుంపు, విన్‌క్రిస్టిన్‌కు ఫార్మైల్ గుంపు. తేడా అంతే. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగడానికి ట్యూబులిన్ ప్రొటీన్‌తో సన్నని తాళ్లు పేనుకుంటుంది. రెండు మందులూ ఆ పేనడాన్ని ఆపేస్తాయి. కానీ విన్‌బ్లాస్టిన్ దెబ్బ ఎక్కువగా మజ్జ మీద పడుతుంది, విన్‌క్రిస్టిన్‌ది నరాల మీద. ఆ తాళ్లే నరాల్లో సరుకు మోసే దారులు కూడా. అందుకే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. విన్‌క్రిస్టిన్‌ను రక్తనాళంలోకి మాత్రమే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కితే ప్రాణం పోతుంది. పిల్లల లుకేమియా ఇవాళ చాలావరకు నయమవుతోందంటే విన్‌క్రిస్టిన్‌కు అందులో పెద్ద వాటా ఉంది. అయితే ఈ ఒక్కదానివల్లే అని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. నాలుగైదు మందులు కలిస్తేనే ఆ ఫలితం.

ఇంత మొక్కలో మందు మాత్రం పిసరంత. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలని లెక్క చెబుతారు. కారణం ఆకు నిర్మాణంలోనే ఉంది. విన్‌డొలిన్, కాథరాంథిన్ అనే రెండు ముక్కలు కలిస్తేనే విన్‌బ్లాస్టిన్. మొదటిది ఆకు లోపలి కణాల్లో ఉంటుంది, రెండోది ఆకుపైన మైనపు పొరలోకి చేరుతుంది. ఒకే ఇంట్లో ఉంటూ మొహాలు చూసుకోని తోడికోడళ్లలా! 2022లో ఈస్టు చేత ఈ రెంటినీ తయారు చేయించి, ఆపైన రసాయనికంగా కలిపి విన్‌బ్లాస్టిన్ రాబట్టారు.

ఈమధ్య వానకు మా గోడ పగులులో మరో రెండు మొలకలు లేచాయి. సుగరున్న పక్కింటి పెద్దాయన పరగడుపున నాలుగు ఆకులు నములుతానంటూ వచ్చారు. ఎలుకల సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, దేవుడికని రెండు పూలు మాత్రం కోసుకెళ్లారు.