గోధుమచేను పసుపెక్కే వేళ

1906లో గలిలీ ప్రాంతంలోని రోష్ పిన్నా దగ్గర ఆరన్ ఆరన్‌సోన్ అనే వ్యవసాయ శాస్త్రవేత్తకు ఒక అడవి గడ్డిమొక్క కనిపించింది. అదే అడవి ఎమ్మర్. నేటి గోధుమల పూర్వీకుల్లో ఒకటి. సరిగ్గా నూరేళ్ళ తరువాత, చేను ఎప్పుడు పసుపెక్కాలన్న ప్రశ్నకు జవాబులో కొంతభాగం ఆ మొక్క జన్యువుల్లోనే దొరికింది.

ఆకు పచ్చగా ఉన్నంతకాలం కిరణజన్య సంయోగక్రియ సాగుతుంది. గింజలో పిండిపదార్థం చేరుతుంది. కానీ ఆకులోని నత్రజనిలో అధికభాగం హరితరేణువుల మాంసకృత్తుల్లోనే ఇమిడి ఉంటుంది. అది గింజకు చేరాలంటే ఆ యంత్రాంగాన్ని విప్పదీయక తప్పదు. పత్రహరితం విచ్ఛిన్నమయ్యాక, అంతకుముందే ఆకులో ఉన్న కెరోటినాయిడ్ల పసుపు బయటపడుతుంది. పాత ఇల్లు కూల్చి, ఆ కలపతోనే పిల్లలకు ఇల్లు కట్టడం లాంటిదే ఈ పండటం.

2006లో క్రిస్టోబల్ ఉవావీ, హోర్హే దుబ్కోవ్‌స్కీ తదితరులు అడవి ఎమ్మర్ నుంచి వచ్చిన నామ్-బి1 అనే జన్యువును గుర్తించారు. అది ఆకును త్వరగా పండించి, నత్రజనితోబాటు ఇనుము, జింకులను గింజకు తరలిస్తుంది. ఈ కుటుంబపు జన్యువుల పనిని అణచివేసిన గోధుమ మూడువారాలకు పైగా ఎక్కువకాలం పచ్చగా నిలిచింది. గింజలో మాంసకృత్తులు, ఇనుము, జింకు మాత్రం ముప్ఫై శాతానికి మించి తగ్గాయి. ఆధునిక రకాల్లో నామ్-బి1 పనిచేయదని కూడా వారే చూపారు. మనిషి గోధుమను మచ్చిక చేసుకున్నప్పుడే దీన్ని పోగొట్టుకున్నాడన్న ఊహకు అది చోటిచ్చింది.

చరిత్ర అంత సులువుగా లొంగలేదు. 1862 లండన్ అంతర్జాతీయ ప్రదర్శనకు వచ్చిన గోధుమ గింజలు కొన్ని స్వీడన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటి డి.ఎన్.ఎ.ను పరీక్షిస్తే, సాగులో ఉన్న కొన్ని గోధుమల్లోనూ పనిచేసే రూపమే కనిపించింది. ఉత్తర ఐరోపా వసంత గోధుమల్లో అది మరీ ఎక్కువగా మిగిలింది. పొట్టి వేసవిలో చేను తొందరగా పండటమే అక్కడి రైతుకు మేలు కాబోలు.

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో, జొన్న విషయంలో, ప్రశ్న తిరగబడింది. రబీ జొన్న నేలలో మిగిలిన తేమమీదే పండాలి. ఆకులు ముందే ఎండితే గింజ నిండదు, కాండం బలం తగ్గి చేను పడిపోతుంది. అందుకే ఇథియోపియా మూలాలున్న బి35 జొన్నలోని పచ్చగా నిలిచే గుణాన్ని ఇతర రకాల్లోకి తెచ్చే ప్రయత్నం అక్కడ జరిగింది. ఆ గుణమున్న జొన్న మొదట్లో ఆకుల విస్తీర్ణాన్ని తగ్గించుకుని, గింజ నిండే రోజులకు నీటిని మిగుల్చుకుంటుంది.