కళ్లిచ్చిన రాజకుమారుడు

రాత్రి అన్నాలయ్యాక "కథ చెప్పు అమ్మమ్మా" అంటూ మనవరాలు నా పక్కలో చేరింది. ఆస్కార్ వైల్డ్ ‘హ్యాపీ ప్రిన్స్’ అందుకున్నాను. మీరూ చిన్నప్పుడు వినే ఉంటారు. ఊరి మధ్య రాజకుమారుడి విగ్రహం. ఒంటినిండా బంగారు రేకు, కత్తిపిడిలో కెంపు, కళ్లు మన దేశం నుంచి వెళ్లిన నీలాలు. కింద జనం కష్టాలు చూడలేక, అన్నీ ఒక వానకోయిల చేత పంచిపెట్టిస్తాడు. కెంపు ఒక కుట్టుపనావిడకి, ఒక కన్ను చలికి వణికే రచయితకి, రెండో కన్ను అగ్గిపుల్లలు కాలవలో పడేసుకుని ఏడుస్తున్న పిల్లకి. చూపు పోయిన అతన్ని వదల్లేక పిట్ట వలస మానుకుని, అక్కడే చలికి ప్రాణం విడుస్తుంది.

"ఆ పిట్ట అబ్బాయా, అమ్మాయా?" అంది పిల్ల.

నేను తడబడ్డాను. మన తెలుగులో పిట్టని ‘అది’ అంటే సరిపోతుంది. ఇన్నేళ్లూ ఆడపిట్టే అనుకున్నాను. లేచి ఇంగ్లీషు పుస్తకం తీసి చూద్దును కదా, మగపిట్ట! చివర్లో అది చెయ్యి ముద్దుపెట్టుకోబోతే, పెదవుల మీదే పెట్టమంటాడు రాజకుమారుడు, ప్రేమ ఉంది గనక.

ఈ పుస్తకం 1888 మేలో లండన్‌లో అచ్చయింది. రెండు నెలలకి అదే ఊళ్లో, బ్రయంట్ అండ్ మే వారి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సుమారు 1,400 మంది ఆడవాళ్లూ, ఆడపిల్లలూ సమ్మె కట్టారు. మాట్లాడితే జరిమానా, కాళ్లు మురికిగా ఉంటే జరిమానా. పైగా తెల్ల భాస్వరం వల్ల దవడ ఎముక కుళ్లిపోయే జబ్బు. వాటాదార్లకి మాత్రం నూటికి ఇరవైకి పైగా లాభం! ఈ గుట్టు జూన్‌లోనే పత్రికలో రట్టు చేసినావిడ ఎవరనుకున్నారు? 1915లో మన మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీ బిసెంటే. అదంతా అబద్ధమని సంతకాలు చెయ్యమంది కంపెనీ. పిల్లలు చెయ్యలేదు. మూడు వారాలు తిరక్కుండా జరిమానాలు ఎత్తేయించుకున్నారు.

రాజకుమారుడికి ఆ గెలుపు లేదు. అందం పోయింది గనక ఇంక పనికిరాడని నగరపెద్దలు విగ్రహాన్ని కరిగించేస్తారు. ఆ లోహంతో ఎవరి బొమ్మ పోయించాలా అని కొట్టుకుంటారు కూడా. మనిషి వల్ల మనకేం గిట్టుబాటు అని చూసే కళ్లకి, దవడ పోయిన పిల్లయినా, కళ్లు పోయిన రాజకుమారుడైనా ఒకటే కాబోలు.

కథ రాసినాయనకీ అంతే జరిగింది. మగవాళ్లతో సంబంధం నేరమని 1895లో రెండేళ్ల కఠినశిక్ష వేశారు. భార్య ఇద్దరు కొడుకుల ఇంటిపేరూ మార్చేసింది. ఆ పిల్లల్ని మళ్లీ చూడకుండానే 1900లో ప్యారిస్‌లో పోయాడు, నలభై ఆరేళ్లకి. ఆ చట్టం ఇంగ్లండులో 1967లో సడలింది. మన దగ్గర అలాంటి ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 వచ్చింది.

"అబ్బాయేనే" అన్నాను పుస్తకం మూసి.

"ఓహో" అంది పిల్ల, అదేం వింత కానట్టు. "మరి రాజకుమారుడికి కళ్లు లేవుగా, పిట్ట ఏం చేసేది?"

"ఊరంతా తిరిగి, చూసినవన్నీ వచ్చి చెప్పేవాడమ్మా."

ఈసారి ‘చెప్పేది’ అనలేదు నేను.